పన్నెండు ఆదివారాల్లో ఎవరి గాజు పని ఎంతవరకు వచ్చింది: సికింద్రాబాద్‌లో ఒక స్టెయిన్డ్ గ్లాస్ తరగతి

సికింద్రాబాద్‌లో ఒక పాత ఇంటి మేడగదిలో ఆదివారం ఉదయం పదింటి నుంచి ఒంటిగంట వరకు స్టెయిన్డ్ గ్లాస్ పని, అంటే రంగు గాజు ముక్కలను కోసి లోహంతో అతికి బొమ్మలుగా కూర్చే పని, నేర్పుతారు. జూన్‌లో మొదలై ఆగస్టు చివర ముగిసిన బ్యాచ్‌లో నేను చేరి, పన్నెండు తరగతుల్లో ఒక్కటి కూడా మానకుండా వెళ్ళి వచ్చాను. రుసుము 18,000 రూపాయలు. కట్టర్లు, ప్లయర్లు, గ్రైండర్, సోల్డరింగ్ ఐరన్ అక్కడివే వాడుకోవచ్చు. రంగు గాజు, రాగి ఫాయిల్ (ముక్కల అంచులకు చుట్టే పల్చని రాగి పట్టీ), సోల్డర్ (కరిగించి ముక్కలను అతికే లోహపు తీగ) మాత్రం ఎవరివి వారు కొనుక్కోవాలి. చేతిపని నేర్పే చోటును అంచనా వేయడానికి గది అందం, చివర ఇచ్చే సర్టిఫికెట్ నాకు ముఖ్యం కావు. చేరినవారు తలపెట్టిన పని ఎంతవరకు వచ్చింది, అది చెడినప్పుడు ఎక్కడ చెడిందో ఎవరూ చెప్పకుండానే వారికి తెలుస్తోందా అన్నవి రెండే నేను చూస్తాను. అందువల్ల ఈ సమీక్షలో ఎక్కువ భాగం నా తోటి విద్యార్థుల పనుల గురించే ఉంటుంది.

చేరినవాళ్ళం ఎనిమిది మందిమి. వారిలో ఒక అత్తాకోడళ్ళు కలిసి ఒకే పని చేపట్టారు కాబట్టి మొత్తం ఏడు పనులు. పన్నెండో ఆదివారం నాటికి వాటిలో నాలుగు పూర్తయ్యాయి, ఒకటి సిమెంటు ఆరే దశలో ఉంది, ఒకటి సగంలో నిలిచిపోయింది, ఒకటి కాగితం మీది గీతల దగ్గరే ఆగింది. ఆ చివరి పని ఒక బడి పంతులమ్మగారిది. ఇంట్లో ఇబ్బంది వచ్చి ఆవిడ నాలుగో వారం నుంచి రాలేకపోయారు కనుక దాన్ని తరగతి లెక్కలో వేయను.

మొదటి మూడు ఆదివారాలు రంగు గాజు ముట్టనివ్వలేదు. అద్దాల దుకాణంలో మిగిలిపోయిన మూడు మిల్లీమీటర్ల మామూలు కిటికీ గాజు ముక్కలు ఒక గంపలో పోసి, వాటి మీదనే గీతలు పెట్టించారు. డబ్బు కట్టి చేరినవారికి ఇది కొంత విసుగు పుట్టించిన మాట నిజమే, కానీ ఈ తరగతిలో నాకు అన్నిటికంటే నచ్చిన నిర్ణయం ఇదే. గాజును మనం కత్తితో కోసినట్టు కోయము. కట్టర్ చక్రం పైపొరలో సన్నని గాటు పెడుతుంది, ఆ గాటు వెంబడి పగులు దానంతట అదే పరుగెత్తేలా రెండు వైపులా పట్టుకొని వంచుతాము. గాటు ఒక్కసారే పెట్టాలి. అదే గీత మీద రెండోసారి కట్టర్ నడిపితే పగులుకు దారి చెడి, అది తనకు తోచిన వైపు పోతుంది. చేతి బరువు సరిగ్గా పడిందో లేదో కంటికంటే చెవికే ముందు తెలుస్తుంది. సరైన గీతకు కొత్త గుడ్డ చింపినప్పటి సన్నని చప్పుడు ఎడతెగకుండా వస్తుంది. చప్పుడు తెగితే అక్కడ గాటు పడలేదని అర్థం, గీత వెంట తెల్లటి పొడి రేగితే చెయ్యి మరీ నొక్కుకుపోయిందని అర్థం. మూడో ఆదివారం మాకు నేర్పే మేడం మమ్మల్ని కళ్ళు మూసుకోమని, తాను వరుసగా పది గీతలు పెట్టి, వాటిలో ఏవి విరుగుతాయో ఏవి చెడతాయో చప్పుడును బట్టి చెప్పమన్నారు. నాకు ఏడు సరిగ్గా అందాయి. మాలో ఒక దంతవైద్యురాలికి పదికి పది అందాయి. ఆవిడ చేతికి ముందే ఆ నిలకడ ఉండటంతో, ఆవిడ చేసిన నాలుగు అరచేతంత ఆకుల తోరణం అందరికంటే ముందు, ఎనిమిదో వారానికే పూర్తయింది.

రైల్వేలో పనిచేసి రిటైరయిన పెద్దాయనను మేమందరం బాబాయ్ గారనే పిలిచేవాళ్ళం. ఆయన ఎంచుకున్నది మూడు రంగుల సిగ్నలు దీపం: ఎరుపు, పసుపు, ఆకుపచ్చ వలయాలు, చుట్టూ పొగమంచు రంగు గాజు. చూడటానికి అన్నిటికంటే సులభంగా కనిపించిన ఈ నమూనాయే కోతలో అన్నిటికంటే కష్టమైనది, ఎందుకంటే పగులుకు ఇష్టమైన దారి తిన్నని దారి. పూర్తి వలయాన్ని ఒక్కసారిగా విరవడం సాధ్యం కాదు. ముందు వలయమంతా గీత పెట్టి, ఆ వలయాన్ని ఒరుసుకుంటూ గాజు అంచు వరకు నాలుగైదు పక్క గీతలు లాగి, అడుగు నుంచి మెల్లగా తట్టి పగులును గీత కిందికి దింపి, చుట్టూ ఉన్న ముక్కలను ఒక్కొక్కటిగా ఊడదీయాలి. బాబాయ్ గారు కిటికీ గాజు మీద రెండు ఆదివారాల్లో ఐదు వలయాలు పగలగొట్టారు. ఐదోది చివరి ముక్క ఊడే సమయంలో సరిగ్గా నడిమికి చీలింది. ఆయన ఆ రెండు సగాలను బల్ల మీద పక్కపక్కన పెట్టుకొని చాలాసేపు వంగి చూసి, "ఇదిగోనమ్మా, ఇక్కడ గీత అతికిన చోట కట్టర్‌ను రెండుసార్లు నడిపాను, బండి అక్కడే పట్టా తప్పింది" అన్నారు. మొదలుపెట్టిన చోటికే వచ్చి గీత కలిసేటప్పుడు కొత్తవారందరూ చేసే పొరపాటు అది. మేడం చెప్పక ముందే ఆయన దాన్ని పట్టుకోవడం చూసి, మూడు వారాల కిటికీ గాజు వృథా కాలేదని నాకు గట్టిగా అనిపించింది. ఆ తరువాత ఎర్ర గాజు వలయం ఆయనకు మొదటి ప్రయత్నంలోనే వచ్చింది.

రంగు గాజు కొనే దగ్గర ఒక సంగతి తెలుసుకోవాలి. ఆ రంగు పైన పూసింది కాదు, గాజు కరిగేటప్పుడే దానిలో కలిసిన లోహాలది. కోబాల్ట్ కలిస్తే నీలం, మాంగనీసు కలిస్తే ఊదా వస్తాయి, గులాబీ రంగుకు బంగారం వాడతారు. ఒకే పరిమాణం ఉన్న రెండు షీట్ల మధ్య ధరలో అంత తేడా ఎందుకుందో మాకు అప్పుడు అర్థమైంది. తరగతిలోనే కొన్ని షీట్లు అమ్మకానికి ఉంచుతారు, వాటి ధర బయటికంటే ఎక్కువేమీ కాదు.

అత్తాకోడళ్ళ పని గురించి విస్తరించి రాయక తప్పదు. అత్తగారు మెలికల ముగ్గులో అందె వేసిన చెయ్యి. ఏడు చుక్కల ముగ్గును గాజులో పెట్టి పూజగది కిటికీకి బిగించాలని వారి కోరిక. మొదటి వారం తెచ్చిన కాగితాన్ని చూసి మేమందరం ముచ్చటపడ్డాము, కానీ మేడం మాత్రం పెన్సిల్ తీసుకొని దానిలో తొమ్మిది చోట్ల సున్నాలు చుట్టారు. గాజు పనిలో నడిమిలో ఆగిపోయే గీత అనేది ఉండదు. ప్రతి గీత మరొక గీతకో అంచుకో వెళ్ళి కలవాలి, లేకపోతే అక్కడ విడిగా ముక్క ఏర్పడదు. మెలికల ముగ్గులో గీత తనను తానే దాటుకుంటూ పోతుంది కాబట్టి ముక్కలు చాలావరకు వాటంతట అవే ఏర్పడతాయి, కానీ బయటి వైపు మెలికలు ఏ గీతకూ అందకుండా తిరిగి లోపలికి వస్తాయి, వాటి వెనుక ఉన్న ఖాళీ అంతా ఒకే పెద్ద ముక్కగా మిగులుతుంది. పైగా చుక్క చుట్టూ తిరిగే లోతైన వంపు ఒకే గాజు ముక్కలోకి కొక్కెంలా చొచ్చుకు వస్తే, దాన్ని కోయడం ఎంత అనుభవం ఉన్నవారికైనా దాదాపు అసాధ్యం.

అత్తగారు దీనికి వెంటనే ఒప్పుకోలేదు. ముగ్గులో గీత తెగకూడదనేది ఆవిడ చిన్ననాటి నుంచి పాటించిన నియమం. మెలికను సూటిగా చేస్తే అది ముగ్గే కాదని ఆవిడ అన్నారు, ఆ మాటలోనూ న్యాయం ఉంది. రెండు వారాలు ఆ కాగితం అటూ ఇటూ తిరిగింది. చివరికి కోడలే ఒక దారి చూపింది: "అత్తయ్యా, ముగ్గు గీత అలాగే ఉండనిద్దాం, చుట్టూ ఉన్న నేలను మనం కోసుకుందాం." బయటి మెలిక ప్రతిదాని మొన నుంచి అంచు వరకు ఒక సన్నని గీత లాగి, నేపథ్యాన్ని పదహారు ముక్కలు చేసి, ఆ నేపథ్యమంతటికీ అలుకు చల్లిన వాకిలి రంగుకు దగ్గరగా ఉన్న గోధుమ గాజు వాడారు. ముగ్గు గీతలు వెండిలా మెరవాలని సోల్డర్‌ను నల్లబరిచే పాటినా అనే పూత వేయకుండా వదిలేశారు. అదనంగా లాగిన గీతలకు మాత్రం పాటినా వేసి నల్లబరిచారు. దానితో దూరం నుంచి చూసినప్పుడు కంటికి ముగ్గే కనిపిస్తుంది, ఆధారపు గీతలు వెనక్కి పోతాయి. పన్నెండో వారం దాన్ని కిటికీకి ఆనించి పెట్టినప్పుడు అత్తగారు ఏమీ అనలేదు, చెంగుతో గాజు మీది వేలిముద్రలు తుడుస్తూ నిలబడ్డారు. ఈ తరగతిలో తయారైన అన్నిటిలోనూ నాకు అది ఉత్తమమైన పనిగా తోచింది.

నేను చేసినది రెక్కలు విప్పిన పాలపిట్ట. కూర్చున్నప్పుడు మట్టిరంగులో కలిసిపోయే ఆ పక్షి, ఎగిరినప్పుడు చూపే రెండు నీలాలు గాజులో తప్ప మరెక్కడా అంత బాగా రావని నా నమ్మకం. ముప్పై ఎనిమిది ముక్కలు, ముప్పై సెంటీమీటర్ల వెడల్పు. ప్రతి ముక్క అంచుకూ రాగి ఫాయిల్ చుట్టి, ఆ రాగి మీద సోల్డర్ పారించి కలిపే పద్ధతిలో చేశాను. 19వ శతాబ్దం చివర అమెరికాలో లూయీ కంఫర్ట్ టిఫనీ కర్మాగారంలో దీపాల గొడుగులకు విరివిగా వాడటంతో ఈ పద్ధతికి ఆయన పేరే స్థిరపడింది. మూడు మిల్లీమీటర్ల గాజుకు ఐదున్నర మిల్లీమీటర్ల ఫాయిల్ చుడితే అటూ ఇటూ ఒకటింపావు మిల్లీమీటరు చొప్పున మడత మిగలాలి. చుట్టేటప్పుడు గాజు అంచు ఫాయిల్ నడిమికి రాకపోతే ఒక వైపు గీత లావుగా, మరో వైపు వెంట్రుకలా వస్తుంది. నా మొదటి పన్నెండు ముక్కలు అలాగే వచ్చాయి. మేడం వాటిని వెలుగుకెత్తి పట్టుకొని, ఒక్క మాట కూడా అనకుండా నా చేతికి తిరిగి ఇచ్చారు. పన్నెండింటికీ ఫాయిల్ ఊడదీసి మళ్ళీ చుట్టాను.

ఆపైన జరిగిన రెండు పొరపాట్లు పూర్తిగా నావే. సోల్డర్ తక్కువ ధరకు దొరుకుతుందని కోఠిలోని గుజరాతీ గల్లీకి వెళ్ళి, ఎలక్ట్రానిక్ పనికి వాడే, లోపల రోజిన్ అనే జిగురు ఉన్న సన్న తీగ కొని తెచ్చాను. దానితో పోసిన మొదటి గీత చుట్టూ గోధుమ రంగు జిగురు అంటుకొని, గీత ఎగుడుదిగుడుగా నిలిచింది. ఈ పనికి లోపల ఏమీ లేని, అరవై పాళ్ళు తగరం, నలభై పాళ్ళు సీసం కలిసిన తీగ కావాలి. అది 183 డిగ్రీల దగ్గర మెత్తబడి 190 దగ్గర పూర్తిగా పారుతుంది, సోల్డర్ రాగికి పట్టేలా చేసే ఫ్లక్స్‌ను విడిగా కుంచెతో పూసుకోవాలి. ఇక రెండోది జులైలో ఒక ముసురు ఆదివారం నాటిది. సగం సోల్డర్ చేసిన పాలపిట్టను కడగకుండా, ఫ్లక్స్ అలాగే ఉండగా, తువ్వాలులో చుట్టి ఇంటికి తీసుకుపోయాను. వారం తరువాత విప్పి చూస్తే రాగి అంచులన్నీ పచ్చబారి ఉన్నాయి, సోల్డర్ వాటి మీద నిలవకుండా పూసల్లా జారిపోయింది. సన్నని ఉక్కు పీచుతో రుద్ది రాగిని మళ్ళీ ఎర్రగా తేవడానికి ఒక తరగతి సమయమంతా పట్టింది. హైదరాబాద్‌లో వానకాలం బ్యాచ్‌లో చేరేవారు ఈ ఒక్క జాగ్రత్త తప్పకుండా తీసుకోవాలి: ఆ రోజు పని ఎంత జరిగినా సరే, సబ్బు నీళ్ళతో కడిగి ఆరబెట్టాకే ఇంటికి తీసుకువెళ్ళాలి. మొత్తానికి పిట్ట పూర్తయింది, కానీ ప్రతి అతుకు దగ్గర అర మిల్లీమీటరు చొప్పున పెరిగి, ముందే చేయించిన చెక్క ఫ్రేములో నాలుగు మిల్లీమీటర్లు పట్టలేదు. ఫ్రేము తిరిగి చేయించాను. గ్రైండర్ దగ్గర ప్రతి ముక్కనూ నమూనా గీత లోపలికి అరగదీయాలని తరగతిలో చెప్పారు, నేనే నిర్లక్ష్యం చేశాను.

ఆరో వారం తరగతికి బదులు మమ్మల్ని మెదక్ చర్చికి తీసుకువెళ్ళారు. 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ జరిగిన ఆ చర్చిలో మూడు పెద్ద స్టెయిన్డ్ గ్లాస్ కిటికీలున్నాయి, మూడింటినీ ఇంగ్లండ్‌కు చెందిన ఫ్రాంక్ శాలిస్‌బరీ రూపొందించారు. వేదిక వెనుక ఉన్న ఆరోహణ దృశ్యం 1927లో, పడమటి వైపు ఉన్న క్రీస్తు జననం 1947లో, తూర్పు వైపు ఉన్న సిలువ దృశ్యం 1958లో అమర్చారు. ఎన్నోసార్లు చూసిన కిటికీలే అయినా, చేతిలో కట్టర్ పట్టిన తరువాత చూస్తే అవి వేరేగా కనిపించాయి. కథను కాకుండా సీసపు గీతలను చూడమన్నారు మేడం. ఒక ముక్క ఎక్కడ ముగియాలో ఎలా నిర్ణయించారో, బట్ట ముడత ఉన్న చోటనే అతుకు పడేలా ఎలా చూసుకున్నారో, ముఖాల మీది వివరమంతా సీసం లేకుండా కుంచెతో వేసి కొలిమిలో కాల్చినదని ఎలా గుర్తుపట్టాలో నిలబెట్టి చూపించారు. నిజానికి "స్టెయిన్" అనే మాటకు మూలం 14వ శతాబ్దం నాటి వెండి పూత. గాజు మీద వెండి లవణం పూసి కాలిస్తే అది పసుపు రంగుకు తిరుగుతుంది. కొలిమి లేనందువల్ల ఆ పూత గానీ ముఖచిత్రణ గానీ ఈ తరగతిలో నేర్పరు. ఆ సంగతిని చేరేటప్పుడే స్పష్టంగా చెబితే బాగుండేది.

ఆర్కిటెక్చర్ చదివే అమ్మాయి పని అందరికంటే పెద్దది. సుల్తాన్ బజార్‌లోని అమ్మమ్మగారి పాత ఇంటి తలుపు మీద ఉన్న అర్ధచంద్రాకారపు రంగు అద్దాల కిటికీని, ఇల్లు పడగొట్టక ముందే ట్రేసింగ్ కాగితం మీదికి ఎత్తుకుంది. మన పాత ఇళ్ళలోని ఆ అద్దాలను సాధారణంగా టేకు చట్రాల్లో బిగిస్తారు, వాటిలో సీసం ఉండదు. ఆ అమ్మాయి అదే రూపాన్ని సీసపు పట్టీలతో కట్టాలని పూనుకుంది. ఈ పద్ధతిలో గాజు ముక్కలను పట్టీల గాడిలో దోపుతూ, మేకులతో బల్లకు అదిమి పెట్టుకుంటూ, పట్టీలు కలిసే చోట మాత్రమే సోల్డర్ పెడతారు. సీసం 327 డిగ్రీల దగ్గర కరుగుతుంది కాబట్టి ఐరన్ అంతకు మించి వేడెక్కితే సోల్డర్‌తో పాటు పట్టీ కూడా కరిగిపోతుంది. తొమ్మిదో వారం ఆ అమ్మాయి పనిలో అదే జరిగింది, ఏడు పట్టీలు కలిసే కీలకమైన చోట వేలు పట్టేంత గుంట పడింది. మేడం పక్కన కూర్చున్నారే గానీ ఐరన్ అందుకోలేదు. ఒక పాత పట్టీ ముక్క ఇచ్చి, ఐరన్‌ను దాని మీద పెట్టి వేడి సరిచూసుకోమన్నారు. ఆ అమ్మాయి మూడు పట్టీలు విప్పి మళ్ళీ కట్టుకుంది.

నా ఫిర్యాదు మొదలయ్యేది కూడా ఆ పని దగ్గరే. సీసపు పనికి చివరి దశ సిమెంటు: సుద్ద పొడి, అవిసె నూనె, టర్పెంటైన్ కలిపిన ముద్దను పట్టీల సందుల్లోకి కుంచెతో దట్టించాలి. గాజు కదలకుండా, నీరు దిగకుండా చేసేది అదే. దాన్ని పన్నెండో వారం చివరి నలభై నిమిషాల్లోకి నెట్టారు. ముద్ద గట్టిపడే వరకు పలకను కదపకూడదు కాబట్టి ఆ అమ్మాయి పని తరగతి ముగిసేనాటికి బల్ల మీదే ఉండిపోయింది. సీసపు పద్ధతి ఎంచుకున్నవారికి పదో వారంలోనే ఈ దశ రావాలి, లేదా వారికి మరో రెండు తరగతులు కేటాయించాలి.

అంతకంటే పెద్ద లోపం సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే అబ్బాయి విషయంలో జరిగింది. అతడు మొదటి రోజే దీపపు గొడుగు చేస్తానన్నాడు, వద్దని ఎవరూ గట్టిగా చెప్పలేదు. నూట పది ముక్కలు, అదీ ఒంపు తిరిగిన అచ్చు మీద, నాలుగు వారాల అనుభవంతో. అతడు సోమరి కాడు, కొండాపూర్ నుంచి అందరికంటే ముందు వచ్చేవాడు. అయినా తొమ్మిదో వారానికి నలభై ముక్కలకే ఫాయిల్ చుట్టగలిగాడు, ఆ తరువాత రావడం మానేశాడు. బాబాయ్ గారికి వలయం ఎలా కోయాలో అంత ఓపికగా నేర్పిన చోట, ఈ అబ్బాయికి ముందు ఒక చదును పలక చేయమని చెప్పే బాధ్యత కూడా ఉంది. ఒక మనిషి ఉత్సాహం అలా అట్టపెట్టెలో మూతపడటం నాకు బాధ కలిగించింది.

గాలి విషయం కూడా రాయాలి. గదిలో ఒక్క ఎగ్జాస్ట్ ఫ్యానే ఉంది. వాన జల్లు కొట్టి కిటికీలు మూసిన రోజున నలుగురు ఒకేసారి సోల్డర్ చేస్తే ఫ్లక్స్ పొగ గొంతుకు తగులుతుంది. నేను సొంత మాస్కు తీసుకువెళ్ళాను, మీరూ తీసుకువెళ్ళండి. సీసం విషయంలో మాత్రం వారి క్రమశిక్షణకు వంక పెట్టలేము: పని గదిలోకి టీ గానీ తిండి గానీ రానివ్వరు, చేతులు సబ్బుతో కడగకుండా మెట్లు దిగనివ్వరు, పిల్లలను వెంట తెస్తామన్నవారికి ఒప్పుకోలేదు.

రుసుము కాక నాకు సామగ్రికి దాదాపు 7,000 రూపాయలైంది. వారానికి మూడు గంటలు తరగతిలో, కనీసం రెండు గంటలు ఇంట్లో ఫాయిల్ చుట్టడానికి కేటాయించగలిగినవారు, మొదటి పనిగా పాతిక నుంచి నలభై ముక్కల చదును నమూనా ఎంచుకుంటే, పన్నెండు వారాల్లో పూర్తి చేయగలరు. ఆ లెక్క మీద నేను ఈ తరగతిని మనస్ఫూర్తిగా సిఫారసు చేస్తాను.

సెప్టెంబర్ మొదటి ఆదివారం, బీరువాలో మరిచిపోయిన నా నమూనా కాగితాలు తెచ్చుకోవడానికి వెళ్ళాను. ఆర్కిటెక్చర్ అమ్మాయి తన అర్ధచంద్రాన్ని ఆ ఉదయమే తీసుకుపోయిందని చెప్పారు. అత్తాకోడళ్ళు కొత్త బ్యాచ్‌లో మళ్ళీ చేరి, బల్ల మీద రథం ముగ్గు పరిచి ఉన్నారు. ప్రతి మొన నుంచి అంచు వరకు ఆధారపు గీతలు ఇంట్లోనే పెన్సిల్‌తో లాగి, కొక్కెంలా తిరిగే వంపులను రెండేసి ముక్కలుగా విడగొట్టి, ముక్కలకు నంబర్లు కూడా వేసుకొని వచ్చారు. మేడం ఆ కాగితాన్ని మొదటి నుంచి చివరి వరకు చూసి, సున్నా చుట్టవలసిన చోటు ఒక్కటీ కనిపించక, పెన్సిల్‌ను పక్కన పెట్టి గాజు ఏరుకోమన్నారు.